ఏబుల్‌టన్ లైవ్ చాలాకాలం వాడాక: ట్యూన్ సులువే, పాటే కష్టం

ఇంట్లో పాటలు కట్టుకునేవాళ్లు ఏ సాఫ్ట్‌వేర్ కొనాలని అడిగేటప్పుడు ఎక్కువగా లెక్కలే అడుగుతారు. ఎన్ని ట్రాకులు, ఎన్ని ప్లగిన్లు, ఎంత ధర. కంప్యూటర్‌లో పాటలు కట్టి రికార్డ్ చేసుకునే ఏబుల్‌టన్ లైవ్‌ని తొమ్మిదో వెర్షన్ కాలం నుంచి వాడుతున్నాను, ఇప్పుడు పన్నెండులో ఉన్నాను. ఈ లెక్కలకన్నా నాకు ముఖ్యమైన ప్రశ్నలు రెండు. ఊపు తెగకుండా పని చేయనిస్తుందా? ఆ ఊపులో పుట్టిన ముక్కలన్నీ ఒకే పాటలా వినిపించేలా సాయపడుతుందా? మొదటిదానికి నూటికి తొంభై మార్కులు వేస్తాను. రెండోదానికి యాభై, అదీ కొంచెం ఉదారంగా.

దీని స్వభావం తెలియాలంటే ఇది ఎక్కడ పుట్టిందో చూడాలి. 1999లో బెర్లిన్‌లో కంపెనీ మొదలైంది. దాని వెనకున్న గెర్హార్డ్ బేలెస్, రాబర్ట్ హెంకె ఇద్దరూ మోనోలేక్ పేరుతో ఎలక్ట్రానిక్ సంగీతం చేసినవాళ్లు. 2001లో మొదటి వెర్షన్ వచ్చినప్పుడు ఇందులో ఆడియో లూపులే ఉండేవి, మిడి (శబ్దం కాదు, ఏ స్వరం ఎప్పుడు ఎంత గట్టిగా నొక్కామనే సమాచారం) 2004లో నాలుగో వెర్షన్‌తో గానీ రాలేదు. అంటే ఇది స్టేజి మీద అప్పటికప్పుడు వాయించుకోవడానికి తయారైన సరుకు. అందుకే సెషన్ వ్యూ అలా ఉంటుంది: నిలువుగా ట్రాకులు (ఒక్కో వాయిద్యానికి ఒక్కోటి), అడ్డంగా సీన్లు (ఒకేసారి మోగించగల క్లిప్పుల వరుసలు), గళ్లలో క్లిప్పులు (చిన్న సంగీతం ముక్కలు). ఏ క్లిప్ నొక్కినా తర్వాతి బార్ (తాళంలో ఒక చుట్టు) మొదట్లో సరిగ్గా అందుకుంటుంది. పాట ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ మొదలుపెట్టే గొడవ ఉండదు.

ఊపు విషయంలో నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది క్యాప్చర్. రికార్డ్ బటన్ నొక్కగానే వేళ్లు బిగుసుకుపోవడం కీబోర్డ్ వాయించే ప్రతివాళ్లకీ అనుభవమే. నొక్కకముందు యథాలాపంగా వాయించిన సంగతే బాగుంటుంది, దాన్నే మళ్లీ వాయించబోతే రాదు. 2018లో వచ్చిన పదో వెర్షన్ నుంచి ఈ బాధ తీరింది. ట్రాక్ ఆర్మ్ చేసి (రికార్డింగ్‌కి సిద్ధంగా పెట్టి) ఉంటే చాలు, రికార్డ్ నొక్కకపోయినా అది వింటూనే ఉంటుంది. 'అరె, ఇందాకటిది బాగుందే' అనిపించాక క్యాప్చర్ నొక్కితే ఆ ముక్క క్లిప్‌గా వచ్చి కూర్చుంటుంది. సెట్ ఖాళీగా ఉంటే మన వాయింపుని బట్టి టెంపో కూడా తనే కట్టేస్తుంది. ఇది మిడికి మాత్రమే, గొంతుకి పని చేయదు. కూనిరాగం తీస్తూ ట్యూన్ కట్టేవాళ్లు పక్కన ఫోన్ రికార్డర్ ఆన్ చేసి పెట్టుకోవాల్సిందే.

ఇంకో సుఖం తాళాల దగ్గర. సీన్‌కి టెంపో, టైమ్ సిగ్నేచర్ విడిగా ఇవ్వొచ్చు. మిశ్ర చాపుకి 7/8, ఖండ చాపుకి 5/8 పెట్టుకుని సీన్ మారిస్తే నడక మారుతుంది. క్లిప్పుల పొడవులు కూడా ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉండొచ్చు. నాలుగు బీట్ల డ్రమ్ లూప్ మీద ఏడు ఎయిత్ నోట్ల సింథ్ క్లిప్ వదలండి. రెండూ విడిపోయి తిరిగి ఏడు బార్లకి ఒకచోట కలుస్తాయి. ఆ కలిసే చోట పల్లవి ఎత్తుకుంటే ఎంత బాగుంటుందో.

ఇక యాభై మార్కుల సంగతి. ఎనిమిది బార్ల లూప్ బాగా కుదిరిందంటే దాని మీద ఇంకో సౌండు, ఆపైన ఇంకోటి పేర్చుకుంటూ పోతాం. రాత్రి పన్నెండింటికి అది అద్భుతంగా ఉంటుంది. అక్కడినుంచి చరణానికి ఎలా వెళ్లాలో మాత్రం తోచదు. ఇది వాడే జనంలో బాగా తెలిసిన జబ్బే. హార్డ్ డిస్క్ నిండా లూపులు, పూర్తయిన పాటలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. సెషన్ వ్యూ ఎంత హాయిగా ఉంటే ఈ జబ్బు అంత ముదురుతుంది.

నాకు కుదిరిన పద్ధతి చెప్తాను. ఒక్క సౌండు కూడా పెట్టకముందే సీన్లకి పేర్లు రాసేస్తాను: పల్లవి, బిట్ (మధ్యలో వచ్చే వాయిద్యాల భాగం), చరణం, పల్లవి, రెండో బిట్, రెండో చరణం. మొదటి ట్రాకులో తంబూరా, నా గొంతుకి ఒకటిన్నర శ్రుతి, మిక్స్ దాకా అది తీయను. పల్లవి గళ్లలో నాలుగైదు క్లిప్పులు పడగానే ఎంత ముద్దొచ్చినా అక్కడ ఆపి చరణం సీన్‌కి దిగిపోతాను. చరణానికి కొత్త వాయిద్యం ఒక్కటే అనుమతి. మిగతాదంతా పల్లవి క్లిప్పులనే కాపీ చేసి, కొన్ని తీసేసి, కొన్ని సగం చేసి వాడాలి. బిట్‌కి కొత్త ట్యూన్ వెతకను, పల్లవి ఆఖరి స్వరాలనే ఎత్తుగడగా తీసుకుంటాను. రివర్బ్ (గదిలో మోగినట్టు అనిపించే ప్రతిధ్వని) కూడా రిటర్న్ ట్రాకులో ఒక్కటే, అన్ని సౌండ్లూ దానికే పంపుతాను. వేర్వేరు ప్యాకుల నుంచి తెచ్చిన శబ్దాలు ఒకే గదిలో వాయించినట్టు వినిపించడానికి ఇంతకన్నా చవకైన ఉపాయం నాకు దొరకలేదు.

తర్వాత అరేంజ్‌మెంట్ (పాటంతా మొదటినుంచి చివరిదాకా వరుసగా కనిపించే రెండో వ్యూ) రికార్డ్ పెట్టి, సీన్లని ఒక్కొక్కటే చేత్తో నొక్కుతూ పాటంతా ఒక్క టేక్‌లో వాయిస్తాను. మౌస్‌తో బ్లాకులు గీస్తే అన్నీ ఎనిమిది బార్లే అవుతాయి. చేత్తో నొక్కితే ఏ బిట్ ఎంతసేపు ఉండాలో చెవి చెబుతుంది, ఒకటి ఆరుకే అయిపోతుంది, ఒకటి పదికి సాగుతుంది. ఆపైన ట్యాబ్ నొక్కి అరేంజ్‌మెంట్ వ్యూలో చెక్కుకోవడమే. ఒక జాగ్రత్త: సెషన్‌లో ఏ క్లిప్ ముట్టుకున్నా ఆ ట్రాక్ అరేంజ్‌మెంట్‌ని వినడం మానేస్తుంది. పైన వెలిగే ఆరెంజ్ బటన్ నొక్కితే తిరిగి దారికొస్తుంది. ఇది తెలియక కొత్తవాళ్లు పాట పోయిందని కంగారుపడతారు.

2024లో వచ్చిన పన్నెండో వెర్షన్‌లో స్కేల్ (ఎంచుకున్న స్వరాల వరస) సౌకర్యం పెరిగింది. మేజర్ పెంటాటానిక్ పెడితే మోహనం స్వరాలు, మైనర్ పెంటాటానిక్ పెడితే శుద్ధ ధన్యాసి స్వరాలు వస్తాయి. స్వరాలే, రాగం కాదు. బిలహరి ఆరోహణలో మోహనంలా ఎక్కి అవరోహణలో ఏడు స్వరాలతో దిగుతుంది. అలాంటి నడకని చెప్పడానికి ఆ మెనూలో చోటే లేదు. గమకాలకి పిచ్ బెండ్ గీసుకోవచ్చు, ఎంపీఈ కీబోర్డు (ఒక్కో వేలి కదలికనీ విడిగా పంపేది) ఉంటే పదకొండో వెర్షన్ నుంచి ఒక్కో స్వరాన్ని విడిగా వంచొచ్చు కూడా. గీతలు గీసే పని మొదలయ్యాక మాత్రం ఊపు అక్కడే పోతుంది. గమకం కావాలంటే నేను పాడించుకుంటాను, లేదా వీణ వాయించేవాళ్లని పిలుస్తాను.

క్లిక్ (మెట్రోనోమ్ టిక్కు) లేకుండా రికార్డ్ చేసిన డప్పు లోపలికి తెస్తే ఆటో-వార్ప్ (ఆడియోని పాట టెంపోకి తనంతట తనే సరిపెట్టే సౌకర్యం) దాని టెంపోని సగంగానో రెట్టింపుగానో అనుకోవడం మామూలే. లాంగ్ శాంపుల్స్‌కి దాన్ని సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసేయండి. ఆవృత్తం మొదటి దెబ్బలకి మార్కర్లు పెట్టుకుని ఆ క్లిప్‌నే లీడర్ చేస్తే, పాట టెంపో డప్పు వెనకాల నడుస్తుంది. డప్పుని గ్రిడ్‌లో బిగిస్తే దరువు చచ్చిపోతుంది.

స్టాఫ్ నొటేషన్ చూపించే వ్యూ లేదు. వయొలిన్ బృందానికి కాగితాలు ఇవ్వాలన్నా, బొమ్మ చూసుకుంటూ రీరికార్డింగ్ చేయాలన్నా లాజిక్, క్యూబేస్ లాంటి వేరే సాఫ్ట్‌వేర్లు నయం.

కొనే ముందు ఒక మాట. చాలా మిడి కీబోర్డులతో అన్నిటికన్నా చిన్న ఎడిషన్ లైవ్ లైట్ ఉచితంగా వస్తుంది, 8 ట్రాకులు. దాని పై ఎడిషన్ ఇంట్రోలో 16. పాట ఒక్క మనిషి ఆలోచనలా వినిపించాలంటే ఆ పరిమితి మేలే చేస్తుందని నా అభిప్రాయం. అన్నిటికన్నా పెద్ద ఎడిషన్ సూట్ ధరకి మంచి మైకు, ఆడియో ఇంటర్‌ఫేస్ కలిపి వచ్చేస్తాయి. 30 రోజుల ట్రయల్‌లో సూటే ఇస్తారు, ఆ నెలలో ఒక పాటని రెండో చరణం దాకా లాక్కురండి. అందులో మాక్స్ ఫర్ లైవ్ (సొంతంగా వాయిద్యాలు, ఎఫెక్టులు తయారుచేసుకునే సాధనం) ఒక్కసారి కూడా తెరవకపోతే సూట్ కింది ఎడిషన్ స్టాండర్డ్ చాలు.