అతిమధుర చూర్ణం: సరుకు మంచిదే, చీటీతోనే పేచీ

బేగంబజారులో మూలికలు టోకుగా అమ్మే ఒక దుకాణంలో మూడు వారాల క్రితం వంద గ్రాముల అతిమధుర చూర్ణం డబ్బా కొన్నాను. ధర 160 రూపాయలు. చలి మొదలవగానే గొంతు బొంగురుపోవడం నాకు ఏటా ఉన్నదే కనుక కొన్నది దానికోసమే గాని, డబ్బా మీద ఎర్రటి అక్షరాలతో అచ్చువేసిన ‘పురుషులకు సత్తువ, స్త్రీలకు హార్మోన్ల సమతౌల్యం’ అన్న మాట చూసి కాదు. అయినా ఈ సమీక్ష రాయడానికి కారణం ఆ మాటే.

సరుకులో వంక పెట్టడానికేమీ లేదు. లేత పసుపు రంగు పొడి, వస్త్రగాళితం చేసినంత మెత్తగా ఉంది. వేలికి అద్దుకుని నాలుక మీద వేసుకుంటే మొదట మట్టివాసన, వెనువెంటనే తీపి, ఆ తీపి మంచినీళ్లు తాగినా చాలాసేపు నాలుకను వదలదు. చిటికెడు పొడి తేనెలో రంగరించి నాలుగు రోజులు చప్పరిస్తే గొంతు తేరుకుంది.

ఆ తీపినిచ్చేది గ్లైసిరైజిన్ అనే పదార్థం. పంచదార కంటే సుమారు యాభై రెట్లు తియ్యనిది. పేగుల్లోని సూక్ష్మజీవులు దానిని మార్చగా వచ్చే ఆమ్లం, ఒంట్లో టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోను తయారీకి అవసరమైన ఎంజైములను అడ్డుకుంటుంది. ఇటలీ పరిశోధకులు 1999లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో ఏడుగురు పురుషులకు రోజుకు అర గ్రాము గ్లైసిరైజిక్ ఆమ్లం (గ్లైసిరైజిన్‌కే మరో పేరు) అందేలా అతిమధురం మాత్రలు ఇస్తే, డెసిలీటరు రక్తంలో సగటున 740 నానోగ్రాములున్న టెస్టోస్టిరాన్ నాలుగు రోజుల్లో 414కు దిగింది. మాత్రలు ఆపాక మళ్లీ పెరిగింది. తరువాత పరీక్షించిన ఇతరులకు అంత పెద్ద తగ్గుదల కనిపించలేదు. 2004లో తొమ్మిది మంది ఆరోగ్యవంతులైన యువతులకు రోజుకు మూడున్నర గ్రాముల అతిమధురం చొప్పున ఇచ్చి చూసినప్పుడు కూడా టెస్టోస్టిరాన్ తగ్గింది.

అంటే మగవారి విషయంలో ఈ కొలతలు డబ్బా మీది మాటకు ఎదురు తిరుగుతున్నాయి. యష్టిమధును, అంటే అతిమధురాన్నే, బలాన్నిచ్చేదిగా, శుక్రలంగా (వీర్యాన్ని పెంచేదిగా) భావప్రకాశం అనే ఆయుర్వేద గ్రంథం చెప్పిన మాట నిజమే. ఆ సంప్రదాయం మీద నాకు గౌరవమే ఉంది. కానీ అదే చీటీ మీద ‘హార్మోన్లు’ అని రాసినవారు రక్తపరీక్ష అంకెలకు కూడా జవాబు చెప్పవలసి ఉంటుంది. (అశ్వగంధ డబ్బాకు వేసిన అచ్చునే దీనికీ వాడేశారేమోనని నా అనుమానం.) ఇక స్త్రీలకు ‘సమతౌల్యం’ అంటే ఏమిటి? ఈ హార్మోను ఎక్కువగా ఉన్నవారికి తగ్గడం మేలు కావచ్చు గాని, మామూలుగా ఉన్నవారికి తగ్గించడాన్ని సమతౌల్యం అనలేము.

నాకు ఇంతకంటే కష్టం కలిగించినది చీటీ మీద లేని విషయం. గ్లైసిరైజిన్ మూత్రపిండాల్లో కార్టిసాల్ అనే మరో హార్మోనును అదుపులో ఉంచే ఎంజైమును కూడా అణచివేస్తుంది. దానివల్ల ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయి, పొటాషియం తగ్గి, రక్తపోటు పెరుగుతుంది. నేను బీపీ మాత్ర వేసుకునేవాడిని. రోజుకు రెండుసార్లు చెంచాడు చొప్పున తీసుకోవాలని డబ్బా మీద ఉంది. ఇంట్లోని చిన్న త్రాసులో తూచి చూస్తే చెంచాడు పొడి మూడు గ్రాములు తూగింది, అంటే రోజుకు ఆరు గ్రాములు. వేరులో నూటికి నాలుగు వంతులే గ్లైసిరైజిన్ ఉందనుకున్నా, అది 240 మిల్లీగ్రాములవుతుంది. రోజూ తీసుకునేవారికి 100 మిల్లీగ్రాములు మించకూడదని ఐరోపా నిపుణుల సంఘం సూచించింది. అసలు ఈ పొడిలో ఎన్ని వంతులుందో చీటీ మీద ఎక్కడా లేదు, బీపీ ఉన్నవారికీ గర్భిణులకూ హెచ్చరిక అంతకన్నా లేదు.

ఈ సంగతి దుకాణదారుతో చెబితే, “సార్, రోజూ ఎన్నో డబ్బాలు పోతాయి, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు” అని నవ్వి, తయారీదారులకు చెబుతానని మర్యాదగానే అన్నారు. కొనదలచినవారు గొంతుకోసం అయితే కొన్నాళ్లపాటు చిటికెడు చొప్పున వాడుకోవచ్చు. సత్తువ కోసమైతే ఈ డబ్బా వద్దు, బీపీ ఉంటే డాక్టరును అడగకుండా అసలే వద్దు. మా డబ్బాలో ఇంకా ముప్పాతిక వంతు పొడి మిగిలే ఉంది. దానిని వంటింటి అలమరలో పై అరకు చేర్చి, చెంచా మాత్రం తీసేశాను.