మొదటి రాతి పగడం: క్యాండీ కేనా, హ్యామరా, మాంటిపోరానా?

పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంగా 40 బ్రీడర్ (40 గ్యాలన్ల) ట్యాంకు తీసుకుందాం. పొడవు 36 అంగుళాలు, వెడల్పు 18, లోతు 16. అమెరికాలో రీఫ్ (పగడాల ట్యాంకు) పెట్టేవాళ్లు మొదట కొనే కొలతల్లో ఇదొకటి. నీళ్లు పోసి నాలుగైదు నెలలైంది. అమ్మోనియా, నైట్రైట్ సున్నా. గోధుమరంగు నాచు వచ్చిపోయింది. రాతి గూడు లేని తేలిక పగడాలైన జోవాలు, మష్రూములు చక్కగా విచ్చుకుంటున్నాయి. ఇక రాతి పగడానికి, అంటే సున్నపు గూడు కట్టే రకానికి వేళయింది. ఏది ముందు, ఎక్కడ, ఏ దీపం కింద అన్నదే ప్రశ్న.

మనదేశంలో ఉన్నవాళ్లకు ముందే ఒక మాట. రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. కాబట్టి ఈ పోలిక చట్టబద్ధంగా పెంచిన ఫ్రాగ్‌లు (పెద్ద పగడం నుంచి కోసిన ముక్కలు) దొరికే దేశాల్లో ఉన్నవాళ్ల కోసమే. సెలవులకు ఇంటికి వస్తూ సూట్‌కేసులో ఫ్రాగ్ తెచ్చే ఆలోచన వద్దు. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం కింద ఇవి రెండో అనుబంధంలో ఉన్నాయి, సరిహద్దు దాటించాలంటే అనుమతి పత్రాలు కావాలి.

దీపం: టీ5 ట్యూబులా, ఎల్ఈడీయా?

పగడం ఒంట్లో జూజాంథెల్లే అనే సూక్ష్మ నాచు ఉంటుంది. అది వెలుతురుతో వండిపెట్టే తిండే పగడానికి ముఖ్యాహారం. ఆ నాచుకు పనికొచ్చే వెలుతురు కొలత పేరు పార్. ఇది కంటికి కనిపించే వెలుగు లాంటిది కాదు. ముదురు నీలం దీపం మనకు మసగ్గా తోస్తుంది, పగడానికి మాత్రం అదే నడినెత్తిన ఎండ. ఫోన్లోని లక్స్ యాప్ కూడా ఇక్కడే బోల్తా పడుతుంది, నీలాన్ని తక్కువగా లెక్కేస్తుంది. ఏపోజీ ఎంక్యూ-510 లాంటి నీళ్లలో ముంచే మీటరును చాలా రీఫ్ క్లబ్బులు, దుకాణాలు అద్దెకిస్తాయి. ఒక శనివారం తెచ్చుకుంటే చాలు.

టీ5 అంటే సన్నటి ఫ్లోరసెంట్ ట్యూబు. 36 అంగుళాల టీ5 ఫిక్చర్లో 39 వాట్ల ట్యూబులు నాలుగు పెట్టుకోవచ్చు. మూడు బ్లూ ప్లస్, ఒకటి కోరల్ ప్లస్ అనే రకం ట్యూబులు వేస్తే రంగూ బాగుంటుంది, పెరుగుదలా బాగుంటుంది. దీని గొప్పతనం వెలుతురు చాపలా పరుచుకోవడం. మూలకూ నడిమికీ తేడా తక్కువ, కొమ్మల కింద కటిక నీడ పడదు. ఇబ్బందులూ ఉన్నాయి. 9 నుంచి 12 నెలలకోసారి ట్యూబులు మార్చాలి. నాలుగూ ఒకేరోజు మారిస్తే పగడాలు కందిపోతాయి, వారానికొకటి చొప్పున మార్చాలి. వెలుగు తగ్గించే వీలు చాలా ఫిక్చర్లలో ఉండదు. పైగా వేడి. డాలస్ ఎండాకాలంలో ఆ వేడికి ఫ్యానో, నీళ్లు చల్లబరిచే చిల్లర్ యంత్రమో తోడు కావాల్సి రావచ్చు.

ఎల్ఈడీలో వెలుగు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, తెల్లవారడం, పొద్దుగుంకడం అమర్చుకోవచ్చు. తప్పు జరిగేది కొనేచోటే. పెద్ద దీపం ఒకటి కొని ట్యాంకు నడిమధ్య వేలాడదీస్తారు. దాని కింద 200 పార్ ఉన్నా మూలల్లో 50 కూడా రాకపోవచ్చు. అదే డబ్బుతో చిన్నవి రెండు కొని, రెండు చివర్ల నుంచి 9 అంగుళాల చొప్పున లోపలికి, నీటికి 8–10 అంగుళాల ఎత్తున పెట్టడం మేలు. మా ఓటు ఈ జంట దీపాలకే. ఇప్పటికే టీ5 ఉన్నవాళ్లు మాత్రం దాన్ని పీకి పారేయనక్కర్లేదు.

ఏ దీపమైనా ఇలా సెట్ చేసుకోండి: ఇసుక మీద 60–80 పార్, కింది రాళ్ల మీద 80–120, నడిమి అరుగు మీద 150–180, పైన 200–220. మొత్తం 9 గంటలు, అందులో మొదట గంట పెరుగుతూ, చివర గంట తగ్గుతూ.

మూడింట్లో ఏది?

క్యాండీ కేన్ ముందు. దీని అసలు పేరు కాలాస్ట్రియా. ఒక్కో తల (పాలిప్, అంటే నోరున్న ఒక్కో జీవి) రూపాయి బిళ్లంత, దేని కొమ్మ దానిది. 60–120 పార్ చాలు, కింది రాయి మీద కాస్త ఏటవాలుగా కూర్చోబెడితే సరి. ఇసుకలో పూడ్చొద్దు, నత్తలు ఎగదోసే రేణువులు తలల సందుల్లో చేరితే కండ కుళ్లుతుంది. దీపం ఆరిన గంటకు టార్చి వేసి చూస్తే తల అంచు చుట్టూ సన్నటి, పారదర్శకమైన టెంటకిల్స్ (తిండి పట్టే మీసాలు) లేచి ఉంటాయి. అప్పుడు వారానికి రెండుసార్లు తలకొక మైసిస్ (చిన్న రకం) రొయ్య పెట్టండి. ఒక తల రెండుగా చీలుతూ కళ్లముందే గుత్తి పెరుగుతుంది. పక్కవాటితో కయ్యం తక్కువ, 3 అంగుళాల ఎడం చాలు.

హ్యామర్ అందగత్తె, అందరి కన్నూ దానిమీదే. 80–150 పార్, నేరుగా కొట్టని ప్రవాహం, చుట్టూ 6 అంగుళాల ఖాళీ. రాత్రిపూట స్వీపర్లు అనే పొడవాటి కుట్టే టెంటకిల్స్ చాచి అందినదాన్నల్లా కాలుస్తుంది. దీని చుట్టాలైన పగడాల్లో ఫ్రాగ్‌స్పాన్ పక్కన పెడితే సాధారణంగా సర్దుకుంటాయి, టార్చ్ అనే పగడం పక్కన వద్దు. కొమ్మల హ్యామరే కొనండి. గోడలా ఒకే ముద్దగా ఉండే రకానికి ఒక మూల జబ్బు పట్టిందా, మొత్తం పోతుంది. కొమ్మల రకంలో చెడిన తలను రెండంగుళాల కింద కోసి తీసేస్తే మిగతావి బతుకుతాయి.

దీనికి అసలు శత్రువు దీపం కాదు, పంపు. సున్నపు గూడు అంచు కత్తిలా ఉంటుంది. ప్రవాహం ఒకే వైపు నుంచి తోస్తుంటే ఆ అంచుకు కండ రాసుకుని చిరుగుతుంది. చిరిగిన చోట గోధుమరంగు జిగురు చేరితే రెండు రోజుల్లో తల ఖాళీ. టెంటకిల్స్ వరిచేనులా అటూ ఇటూ ఊగాలి. అన్నీ ఒకే పక్కకు వాలి ఉంటే పంపు తిప్పండి. నీళ్లలోంచి తీసేముందు గూడును మెల్లగా కదిపి, కండ లోపలికి ముడుచుకున్నాకే ఎత్తండి. పొంగి ఉన్న కండ తన బరువుకే చిరుగుతుంది.

మాంటిపోరా కాప్రికార్నిస్ పళ్లెంలా పెరిగే చిన్న పాలిప్‌ల పగడం. ఇలాంటి చిన్న పాలిప్‌ల రాతి పగడాలను ఎస్పీఎస్ అంటారు, వాటిలోకి ఇదే సులువైన దారి. 150–200 పార్, అంటే నడిమి అరుగు. ప్రవాహం గట్టిగా, దిశలు మారుతూ ఉండాలి, లేదంటే పళ్లెంలో మడ్డి పేరుకుని కింది కండ చస్తుంది. అరుగు చివరన పెట్టండి, లోపలికి కాదు. పళ్లెం పెద్దదయ్యాక కిందున్నవాటికి గొడుగు పడుతుంది.

వెలుతురు దీనికి చిన్న సమస్యే. ఆల్కలినిటీ, అంటే గూడు కట్టడానికి నీళ్లలో ఉండే కార్బొనేట్ల మోతాదు, నిలకడగా ఉండటమే పెద్ద పరీక్ష. దాన్ని డీకేహెచ్‌లో కొలుస్తారు. క్యాండీ కేన్ మెల్లగా గూడు కడుతుంది కాబట్టి వారానికి 10 శాతం నీళ్లు మారిస్తే చాలావరకు సరిపోతుంది. మాంటిపోరా వేగం పుంజుకుంటే రోజుకు సగం డీకేహెచ్ తాగేస్తుంది. లెక్క ఇలా: రాళ్లు పోను ఈ ట్యాంకులో నీళ్లు సుమారు 130 లీటర్లు. 100 లీటర్లలో 1 డీకేహెచ్ పెరగాలంటే వంటసోడా 3 గ్రాములు కావాలి. సోమవారం 8.6 ఉండి, బుధవారం అదే గంటకు 8.2 వస్తే రోజుకు 0.2 తగ్గినట్టు, అంటే దాదాపు 0.8 గ్రాముల సోడా. మంచినీళ్లలో, అంటే ఆర్వో నీళ్లలో కరిగించి పంపు ఎదురుగా మెల్లగా పోయండి. ప్రతి 1 డీకేహెచ్‌కూ కాల్షియం 7 పీపీఎం చొప్పున ఖర్చవుతుంది, వారానికోసారి అదీ చూసుకోండి. 8–9 డీకేహెచ్, కాల్షియం 400–450, మెగ్నీషియం 1300 దగ్గర ఉంచితే చాలు. పడిపోయిందని 7 నుంచి 9కి ఒక్కరోజులో లేపితే కొండనాలుకకు మందేసినట్టే. రోజుకు 0.5 మించొద్దు. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు తేవాలనే పట్టుదల కూడా వద్దు. నైట్రేట్ 5–10, ఫాస్ఫేట్ 0.03–0.1 మధ్య ఉంటేనే రంగు నిలుస్తుంది.

అందుకే మా వరుస ఇది: ఇప్పుడు క్యాండీ కేన్, ఆరు వారాల తర్వాత హ్యామర్, మూడు నెలలు వరుసగా ఆల్కలినిటీ నిలబెట్టగలిగాక మాంటిపోరా. చేతిలో డోసింగ్ పంపు (మందును కొద్దికొద్దిగా తానే పోసే పంపు) ఉండి రోజూ కొలిచే ఓపిక ఉన్నవాళ్లు హ్యామర్ కన్నా ముందే మాంటిపోరా పెట్టినా తప్పు లేదు.

కూర్చోబెట్టడం

ట్యాంకు నీళ్లే బకెట్లో తీసి డిప్ (పగడం మీది పురుగులను చంపే మందు) కలపండి, అందులో ఫ్రాగ్‌ను ముంచండి. సీసా మీద రాసినంతసేపు ఉంచి, బేస్టర్‌తో (నీళ్లు చిమ్మే రబ్బరు గొట్టంతో) సందుసందునా కొట్టి, వేరే నీళ్లలో కడగండి. డిప్ పురుగును చంపుతుంది, గుడ్డును చంపదు. కాబట్టి ఫ్రాగ్‌తో వచ్చిన ప్లగ్గును (అతికించిన చిన్న పీటను) విరిచి పారేయండి. మాంటిపోరా అడుగున తెల్లటి చిన్న నూడిబ్రాంక్‌లు (పగడాన్ని తినే గుల్లలేని నత్తలు) దాక్కుంటాయి, వారం తర్వాత మరోసారి డిప్ చేయాలి.

మొదటి వారం ఇసుక మీద ర్యాకులో ఉంచండి. ఎల్ఈడీ అయితే అనుకున్న వెలుగులో సగంతో మొదలుపెట్టి వారానికి 10 శాతం చొప్పున పెంచుకుంటూ పోండి. టీ5 అయితే కిటికీలకు వేసే ప్లాస్టిక్ దోమల జాలీ మూడు పొరలు ట్యాంకు మీద పరిచి, నాలుగైదు రోజులకొక పొర తీసేయండి. తర్వాత అసలు చోటుకు. అతికించేటప్పుడు ముందు జెల్ గ్లూ, దాని మీద ఎపాక్సీ ముద్ద, మళ్లీ గ్లూ. ముద్ద ఒక్కటే తడిరాయిని పట్టుకోదు.

పెట్టాక మూడు వారాలు ముట్టుకోవద్దు. దుకాణంలో నీలం దీపం కింద మెరిసిపోయిన పగడం ఇంట్లో వెలవెలబోయిందని వెలుగు పెంచేస్తారు. అప్పుడు మొదలవుతుంది తంటా. రంగు పాలిపోయి, కండలోంచి తెల్లటి గూడు కనిపిస్తుంటే వెలుగు ఎక్కువైనట్టు, ఒక మెట్టు కిందికి దించండి. గోధుమరంగులోకి తిరిగితే తక్కువైనట్టు, దానికి తొందర లేదు, అలాగే నెలలు బతుకుతుంది.

మాంటిపోరా పళ్లెం అంచున దారంలా తెల్లటి గీత ఉంటే భయపడొద్దు, అది కొత్త పెరుగుదల. ఆ తెలుపు మొదలు దగ్గర పుట్టి పైకి పాకుతుంటే మాత్రం దీపం జోలికి పోకుండా ముందు ఆల్కలినిటీ కొలవండి.