కుక్కపిల్ల క్రేట్‌కు రాత్రి చల్లదనం: కూలరా, ఐసు సీసానా?

మే నెలలో రాత్రి పదకొండైనా గోడలు సెగ కక్కుతుంటాయి. క్రేట్‌లో (ఊచల బోనులో) రెండు నెలల కుక్కపిల్ల నాలుక బయటపెట్టి రొప్పుతుంటే మనకూ నిద్ర పట్టదు. ఏసీ ఉంటే ఈ చర్చే లేదు. లేని ఇంట్లో చేతికందేవి రెండు: కూలర్, లేదంటే ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసా.

కూలర్ పనితనమంతా ఊరిని బట్టే. నీరు ఆవిరైతేనే గాలి చల్లబడుతుంది కాబట్టి హైదరాబాద్ పొడి ఎండల్లో హాయిగా ఉంటుంది. విశాఖలో గాలికి ముందే తేమ ఎక్కువ. అక్కడ కూలర్ పెడితే ఉక్కపోతే మిగులుతుంది. కుక్కకు ఇది మనకంటే కష్టం. దానికి చెమట పట్టేది ముఖ్యంగా పాదాల అడుగునే, ఒంట్లో వేడిని చాలావరకు రొప్పుతూ వదలాలి. తేమ గాలిలో ఆ రొప్పడమూ అంతగా పనిచేయదు. పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకైతే మరీను!

సీసాకు ఈ గొడవ లేదు, కరెంటు పోయినా పనిచేస్తుంది. కానీ పిల్లకు ప్లాస్టిక్ దొరికితే కొరక్కుండా వదలదు. అందుకే పాత తువ్వాలు చుట్టి, క్రేట్ బయట ఒక మూల ఊచలకు ఆనించాలి. చలేస్తే పిల్ల పక్కకు జరుగుతుంది. తెల్లవారేలోపు కరిగిపోతుంది, అదొక్కటే లోటు.

నా మటుకు పొడి ఊళ్లో కిటికీ తీసి కూలరే పెడతాను. కోస్తాలో సీసా, ఫ్యాన్. రెండింటిలో ఏదైనా క్రేట్ మీద దుప్పటి కప్పకండి, నీళ్ల గిన్నె మరవకండి. రొప్పు తగ్గక, చొంగ కారుస్తూ తూలుతుంటే మాత్రం మామూలు నీళ్లతో ఒళ్లు తడిపి వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.