పాత బేసిన్లు, తట్టల్లో ఆకుకూరలు: ఏది నిలుస్తుంది, ఏది పగులుతుంది

మేడ మీద ఆకుకూరలకు కుండీలు కొనక్కర్లేదు, మూలన పడున్న వెడల్పాటి పాత్ర ఏదైనా చాలంటారు. ఏదైనా చాలదు. ముందు టేపు పెట్టి లోతు చూడండి. మెంతి నాలుగు అంగుళాల మట్టిలో సర్దుకుంటుంది. పాలకూర, తోటకూర, కొత్తిమీరకు ఆరైనా ఉండాలి. టమాటా, వంగ మొక్కల్ని వీటిలో పెట్టి ఉసూరుమనిపించొద్దు.

బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ బేసిన్: 5కి 3 మార్కులు. పదహారు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల లోతు ఉంటే సుమారు 15 లీటర్ల మట్టి పడుతుంది. తడిశాక ఇరవై కిలోలు దాటుతుంది కాబట్టి అంచు పట్టి లేపకండి, అక్కడే చీలుతుంది. అడుగున చేతులు పెట్టి ఇద్దరు ఎత్తాలి. చవక రంగు బేసిన్లకు అసలు శత్రువు ఎండ. ఒకటి రెండు వేసవులకే పెళుసెక్కి, వేలితో నొక్కితే విరిగే స్థితికొస్తాయి.

మేస్త్రీలు వాడే నల్ల ప్లాస్టిక్ తట్ట: 5కి 4. ఆ నలుపు తెచ్చే మసి పొడి ఎండను అడ్డుకుంటుంది, అందుకే ఇది ఎక్కువ కాలం నిలుస్తుంది. లోతు తక్కువ, మెంతికే సరి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం నలుపే శాపం: అంచు దగ్గరి వేళ్లు ఉడికిపోతాయి. చుట్టూ తడి గోనెసంచి కట్టాలి, లేదా ఆ రెండు నెలలు ఖాళీగా ఉంచాలి.

చేపలొచ్చే థర్మోకోల్ పెట్టె: వేసవికి దీన్ని మించింది లేదు. గోడ మందంగా ఉండి వేడిని లోపలికి రానివ్వదు. ఉప్పు, నీచు పోయేదాకా బాగా కడగాలి. ఎండకు పైపొర పొడిలా రాలుతుంది, ఆ పూసలు గాలికెగిరి కాలువల్లో చేరతాయి. బయట పాత గుడ్డ చుట్టి కడితే కొంత నయం. ఈ చెత్త తలనొప్పి వల్లే 3 దగ్గర ఆపాల్సి వస్తోంది.

స్టీలు, ఇనుప బేసిన్లకు 1. మిట్టమధ్యాహ్నం చెయ్యి పెట్టలేరు, పైగా ఇనుము రంధ్రాల దగ్గరే తుప్పు పట్టడం మొదలుపెడుతుంది. తూకానికి వేసేయండి.

అన్నిటికీ వర్తించేది రంధ్రాల సంగతి. ప్లాస్టిక్‌కు 8 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో, కింద చెక్క ఆనించి, మెల్లగా ఎనిమిది రంధ్రాలు వేయాలి. మేకు కొడితే పగులు సాగుతుంది. రంధ్రాల మీద దోమతెర ముక్క పరిస్తే చాలు. అడుగున కంకర పోయకండి. మట్టి ఎంత లోతున్నా, దాని అట్టడుగున కొంత మందం నీటితో నిండిపోయే ఉంటుంది. కంకర పోస్తే ఆ చిత్తడి పొర కిందికి పోదు, పైకి జరిగి వేళ్ల దగ్గరికొస్తుంది. లోతైన కుండీలో అది పెద్దగా తెలియదు. ఆరు అంగుళాల్లో రెండు కంకరకే పోతే మొక్కకు మిగిలేది బురదే. పాలకూర పసుపెక్కి మొదలు కుళ్లడానికి తరచూ కారణం ఇదే, ఎరువు లోపం కాదు.

మట్టి పాళ్లు: ఎర్రమట్టి రెండు, బాగా మాగిన పశువుల ఎరువు ఒకటి, కడిగి పిండిన కొబ్బరి పొట్టు ఒకటి, బేసిన్‌కు గుప్పెడు వేపపిండి. అంచుకు అంగుళం కింద ఆపండి, లేకపోతే నీళ్లు పోసినప్పుడు విత్తనం కొట్టుకుపోతుంది. ధనియాలను చేత్తో నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి. ముదురు ఎండల్లో అవి సరిగా మొలవవు, నీడవల తప్పదు.

పాత్ర కింద ఇటుకలు పెడితే నీరు కారిపోతుంది, స్లాబు చెమ్మెక్కదు. వేసవిలో రెండు పూటలా నీళ్లు పోయాల్సిందే. శ్రమ తగ్గుతుందని కింద పళ్లెం మాత్రం పెట్టకండి: నిలిచిన నీటిలో వారం పది రోజుల్లో దోమలు తయారవుతాయి.