చిగుళ్లకు లేజర్ చేయించుకుని మూడేళ్లయింది

రాయగడలో మాకు కిరాణా కొట్టు. ఒడిశాలో చాలామందిలాగే మా ఇంట్లోనూ అందరం పొగాకు కలిపిన పేస్టు, అదే గుడాఖుతోనే పళ్లు తోమేవాళ్లం. దానికి తోడు నాకు పదేళ్లుగా షుగరు. బ్రష్ పెడితే రక్తం, పొద్దున్న లేస్తే నోట్లో చీము రుచి. కింది ముందుపళ్లు రెండు నాలుకతో తోస్తే కదిలేవి.

మొదట వెళ్లిన చోట "లేజర్ ఒక్క సిట్టింగ్ చాలు, క్లీనింగ్ కూడా అక్కర్లేదు" అన్నారు. నొప్పి లేదు, రక్తమూ పెద్దగా రాలేదు, చాలా సంతోషపడ్డాను. నాలుగు నెలలకే మళ్లీ చీము. చిగురు కింద గార అలాగే ఉండిపోయిందని తర్వాత తెలిసింది. ఆ డబ్బు పోయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

తర్వాత రైలెక్కి విజయనగరం వెళ్లి చిగుళ్ల స్పెషలిస్టుకి చూపించాను. డాక్టరమ్మ గీతలున్న సన్నటి పుల్ల ఒకటి పట్టుకుని ఒక్కో పంటి చుట్టూ ఆరేసి చోట్ల పాకెట్ లోతు, అంటే పంటికీ చిగురుకీ మధ్య సందు లోతు, కొలిచారు. "మూడు, మూడు, ఆరు, ఏడు" అని చెబుతుంటే పక్కనమ్మాయి రాసుకుంది. మూడు మిల్లీమీటర్ల దాకా ఫర్వాలేదట. ఏడు అన్నప్పుడల్లా నాకు గుండె ఝల్లుమనేది.

మత్తు ఇంజెక్షన్ ఇచ్చి రెండు సార్లుగా డీప్ క్లీనింగ్, అంటే చిగురు కింద గార గీకి తీయడం, చేశారు. ఆ తర్వాత లోతు తగ్గని పాకెట్లకే వెలుగు వైద్యం. చిగురు సందులో నీలం మందు వేసి, కాసేపు ఆగి, సన్నటి గొట్టంతో ఎర్రటి వెలుగు పెట్టారు. సూక్ష్మజీవులకు ఆ మందు అంటుకుంటుంది. వెలుగు తగిలితే అక్కడి ఆక్సిజన్ చురుకై వాటిని చంపుతుంది. అది వేడితో కోసే లేజర్ కాదు. మంట అనిపించలేదు, నాలుక మాత్రం సాయంత్రం దాకా నీలంగానే ఉంది.

మూడు నెలలకు ఏడున్నచోట నాలుగైంది. ఇందులో వెలుగు వాటా ఎంతని అడిగితే, ఎక్కువ వంతు క్లీనింగ్‌దేనని డాక్టరమ్మ సూటిగా చెప్పారు. 2015లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ఇచ్చిన సూచనల్లోనూ మొదటి చికిత్స డీప్ క్లీనింగే, ఈ మందూ వెలుగూ పద్ధతి దానికి తోడుగా చేసేదే. అందుకే ఎవరైనా లేజర్ అంటే, ముందు మీ పాకెట్లు కొలిచారో లేదో అడగండి. కొలవకపోతే లేచి వచ్చేయండి.

గుడాఖు మానేశాను. అదే అన్నిటికంటే కష్టమైంది, మొదటి నెల తల పగిలిపోయేది. రాత్రి పళ్ల సందుల్లో చిన్న బ్రష్ ఆడిస్తాను, మూడు నెలలకోసారి విజయనగరం వెళ్తాను. కదిలే పళ్లలో ఒకటి గట్టిపడింది, రెండోది ఇంకా కొంచెం ఊగుతోంది. దాని పక్కన ఒక్కచోట ఆరు అలాగే ఉంది. వచ్చే నెల మళ్లీ కొలుస్తారు. తగ్గకపోతే అక్కడ చిగురు తెరిచి శుభ్రం చేద్దామన్నారు, నేను సరేనన్నాను.