పతకమా, టోపీ బ్యాడ్జీనా?

సైనిక వస్తువుల సేకరణ కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా ఒకటే: డబ్బు కాస్త ఎక్కువైనా ముందు పతకమే కొనండి.

1914–18 మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ వార్ మెడల్ తీసుకోండి. ముందువైపు ఐదో జార్జి, వెనక గుర్రం మీద సెయింట్ జార్జ్. అసలు విషయమంతా అంచులో ఉంటుంది. సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం అక్కడే కొట్టి ఉంటాయి. వాటిని పట్టుకుని రికార్డుల్లో ఆ మనిషిని వెతకొచ్చు. ఎక్కువగా వెండివే, సైన్యం వెంట పనిచేసిన మన కూలీ దళం, అంటే లేబర్ కోర్ వాళ్లకు మాత్రం కంచువి ఇచ్చారు. ఆ వివక్ష చేతిలోకి తీసుకుంటేనే తెలిసిపోతుంది. పాత పేరు గీకేసి కొత్తది చెక్కే మోసాలూ ఉన్నాయి, కాబట్టి వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవండి. అడ్డకొలత 36 మిల్లీమీటర్లకు తగ్గితే అనుమానించాల్సిందే. వెండి కోసం ఎన్నింటినో కరిగించేశారు, తలచుకుంటేనే ప్రాణం ఉసూరుమంటుంది.

టోపీ బ్యాడ్జీ చవక, చూడముచ్చటగానూ ఉంటుంది. తెలుగువాళ్లు ఎందరో పనిచేసిన మద్రాస్ రెజిమెంట్ ఏనుగు గుర్తంటే నాకూ ఇష్టమే. కానీ దాన్ని ఎవరు పెట్టుకున్నారో చెప్పే ఆధారం దానిమీద ఉండదు. పైగా నకిలీల బెడద. అచ్చుకొట్టిన పల్చటి అసలు ఇత్తడి బ్యాడ్జీలో ముందున్న బొమ్మ వెనకవైపు గుంటగా కనిపిస్తుంది. పోతపోసిన నకిలీలో తరచూ సన్నటి చిల్లులు కనిపిస్తాయి.