ఇంటికొచ్చిన ఎన్నికల సర్వే: 5కి 2 స్టార్లు

2024 పార్లమెంటు ఎన్నికల ముందు ఒక సర్వే కంపెనీ కుర్రాడు ట్యాబ్ పట్టుకుని అమలాపురం దగ్గర మా వీధికొచ్చాడు. మర్యాదస్తుడే, అండీ అనకుండా మాట్లాడలేదు. ఒక స్టారు దానికే. చిక్కంతా పద్ధతిలో ఉంది. కొబ్బరి దింపుకి, రొయ్యల చెరువులకి వెళ్లినవాళ్లు చీకటి పడితే గానీ ఇల్లు చేరరు. ఈయన మిట్టమధ్యాహ్నం వచ్చి అరుగుల మీద పెద్దవాళ్లనే అడిగాడు. మా ఆవిడని అడిగితే పక్కనున్న మా బాబాయి జవాబు చెప్పేశాడు. అదే నొక్కేసుకున్నాడు! కులం మాత్రం అందరి ముందూ గుచ్చి గుచ్చి అడిగాడు. అలా అడిగితే నిజం ఎవరు చెబుతారండీ?

శాంపిల్ ఎంత పెద్దదైనా అందరూ ఒకే రకం మనుషులైతే దండగే. ఆ ఏడాది పేరున్న ఎగ్జిట్ పోల్స్ చాలావరకు ఎన్డీయేకి 350 దాటతాయన్నాయి, వచ్చినవి 293. మన రాష్ట్రంలో కూటమి 25కి 21 గెలిచింది, ఆ గాలిని కొన్ని సంస్థలు సరిగానే పట్టాయి లెండి.

రెండో స్టారు, ఫోన్ నంబరు అడగనందుకు. మళ్లీ వస్తే సాయంత్రం రండి. లోక్‌నీతి అనే సర్వే సంస్థ వాళ్లలా డమ్మీ బ్యాలెట్ చేతికిచ్చి పెట్టెలో వేయించుకోండి, మా బాబాయిని నేను టీకి తీసుకెళ్తాను.